రిటైరయ్యాక అరకు, పాడేరు కొండల్లో కొన్ని నెలలు గడపాలంటే ఎలా? వైజాగ్ వాళ్ళ కోసం

మా వారు ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై నాలుగేళ్ళయింది. ఆ రోజు శాలువా కప్పిన ప్రతి ఒక్కళ్ళూ ఒకటే మాట, ఇంకేముంది సార్ హాయిగా అరకులో ఒక చిన్న ఇల్లు కట్టుకుని సెటిలైపోండి అని. వైజాగ్‌లో ఎవరు రిటైరైనా ఈ మాట వినపడుతుంది, పోర్టు వాళ్ళైనా డాక్‌యార్డు వాళ్ళైనా టీచర్లైనా. ఆ కోరికలో తప్పేం లేదు, ముప్పై ఏళ్ళు షిఫ్టులు చేసి గాజువాక ట్రాఫిక్‌లో పొగ పీల్చి మే నెల ఉక్కపోతలో ఉడికిపోయినవాళ్ళకి మూడు నాలుగు గంటల దూరంలో పచ్చటి కొండలు, మంచు, కాఫీ తోటలు ఉంటే మనసు అటు లాగుతుంది కదా. మేం కూడా అలాగే వెళ్ళాం. ఈ నాలుగేళ్ళలో విడతలు విడతలుగా అన్నీ కలిపి ఓ పదకొండు నెలలు కొండ మీద ఉన్నాం. ఒక్క సెంటు భూమి కొనలేదు, కొనబోయి ఒకసారి గట్టి దెబ్బ తిన్నాం, అది కూడా చెప్తాను. అక్కడ ఓనరుగా కాకుండా చుట్టంలా ఉంటే ఆ ప్రాంతం మనకి ఎంత ఇస్తుందో తెలిసొచ్చింది, అందుకే ఎవరైనా ప్లాన్ చేసుకుంటుంటే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో రాస్తున్నాను.

మొదటి పని: కొనాలనే ఆలోచన తీసేయండి

ఇది తేల్చుకోకుండా మిగతావి చదవక్కర్లేదు. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, లంబసింగి ఇవన్నీ షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం, మనం ఏజెన్సీ అంటాం, మన్యం అంటాం. అక్కడి భూముల మీద 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని ఇంకా గట్టిగా సవరించారు, జనం నోట్లో అది 1/70 చట్టం. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదకి రాదు. గిరిజనుల దగ్గర కొనకూడదు అంతే కదా, అక్కడ ఎప్పట్నుంచో ఉన్న గిరిజనేతరుల దగ్గర కొనుక్కోవచ్చు అని కొందరు మధ్యవర్తులు చెప్తారు, అదీ కుదరదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, ఆ చట్టంలో తాకట్టు, లీజు, గిఫ్టు, మార్పిడి అన్నీ వస్తాయి. అనంతగిరి మండలంలో మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీం కోర్టు, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. గవర్నమెంటుకే వీల్లేని పని వంద రూపాయల స్టాంపు పేపర్ మీద మనకి ఎలా కుదురుతుంది చెప్పండి.

మేం మాత్రం ఆ స్టాంపు పేపరే నమ్మాం. మొదటి ఏడాది ఒక మధ్యవర్తి అరకు నుంచి లోపలికి తీసుకెళ్ళి వాగు పక్కన 20 సెంట్లు చూపించాడు, భూమి రైతు పేరు మీదే ఉంటుంది సార్, మీరు ఇల్లు కట్టుకోండి, అగ్రిమెంటు రాసుకుందాం, ఇక్కడందరూ ఇలాగే చేస్తున్నారు అన్నాడు. రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాం. తర్వాత మా తమ్ముడికి తెలిసిన లాయరు గారు ఆ కాగితం చూసి ఒక్క నిమిషం కూడా చదవలేదు, ఇది చెల్లదమ్మా, కేసైతే మీరే ఖాళీ చెయ్యాలి అన్నారు. ఆరు నెలలు తిరిగితే 70 వేలు వెనక్కొచ్చాయి, మిగతావి రాలేదు. డబ్బు పోయిన బాధ కొన్నాళ్ళకి తగ్గింది గానీ ఆ రోజు చూసిన ఇంకోటి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. మేం ఆ జాగా కొలుస్తుంటే ఆ రైతు భార్య చోడి (రాగి) చేను గట్టు మీద చంటిపిల్లని నడుముకి కట్టుకుని నిలబడి ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు, మా టేపు ఎక్కడిదాకా వెళ్తుందో దాని వెంటే చూస్తూ ఉంది. ఆ చట్టం ఎందుకుందో నాకు ఆవిడ మొహం చూశాకే అర్థమైంది. ఎవరైనా పవర్ ఆఫ్ అటార్నీ, బినామీ, 99 ఏళ్ళ లీజు అని మొదలుపెడితే అక్కడే ఆపేయండి. నిజంగా అనుమానం ఉంటే పాడేరులో గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసుకి వెళ్ళి అడగండి.

మరి ఉండేదెలా అంటే గెస్టుగా. రోజు లెక్కనో వారం లెక్కనో హోమ్‌స్టేల్లో, టూరిజం వాళ్ళ హరిత రిసార్టుల్లో, లాడ్జీల్లో ఉండొచ్చు, స్థానిక కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలకి నా ఓటు, డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది, మనకీ ఇంటి తిండి దొరుకుతుంది.

తర్వాత: ఏ నెలల్లో వెళ్ళాలో చూసుకోండి

టూరిస్టులు నవంబర్ నుంచి జనవరి దాకా పొర్లుకుంటూ వస్తారు. అక్టోబర్ ఆఖరు నుంచి వలిసె అనే నూనెగింజల పంట పూలు పూసి పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉంటాయి, పొద్దున్న వంజంగి కొండెక్కితే మేఘాలు కాళ్ళ కింద ఉంటాయి, అంతా నిజమే. కానీ ఆ రోజుల్లో శని ఆదివారాల్లో అరకు రోడ్డు మీద కారు కదలదు, రూము రేట్లు ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారు, పైగా చలి. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, కిలోమీటరు ఎత్తుకి ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి మామూలు రోజుల్లోనే వైజాగ్ కంటే చల్లగా ఉంటుంది, డిసెంబర్ రాత్రులైతే పది డిగ్రీల లోపుకి పడిపోతుంది, లంబసింగిలో ఇంకా కిందకి. పాతికేళ్ళ కుర్రాళ్ళకి అది సరదా, అరవై దాటి బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ చలి తెల్లవారుజామున గుండెల మీద కూర్చుంటుంది.

మా లెక్కలో అన్నిటికన్నా మంచి రోజులు సంక్రాంతి గుంపు దిగిపోయాక, జనవరి చివరి వారం నుంచి మార్చి ఆఖరు దాకా. రూములు ఖాళీ, రేట్లు బేరమాడొచ్చు, ఎండ ఒంటికి హాయిగా తగులుతుంది. ఇంకో కారణం కూడా ఉంది, కాఫీ పూలు. మామూలుగా అందరూ కాఫీ తోటలకి ఎర్రటి పళ్ళు కోసే టైములో, అంటే నవంబర్ నుంచి వెళ్తారు. మేం రెండో ఏడాది మార్చిలో అనంతగిరి దగ్గర ఉండగా ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది, మేమున్న ఇంటావిడ ఆకాశం వంక చూసి, ఇంక తొమ్మిది పది రోజులాగండమ్మా, అప్పుడు చూడండి అంది. నేను మర్చిపోయాను కూడా. పదో రోజు పొద్దున్న ఐదున్నరకి తలుపు తీస్తే మల్లెపూల వాసన, ఇల్లంతా, దుప్పట్లు కూడా వాసనే. బయటికొచ్చి చూస్తే సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కల కొమ్మలన్నీ ఆకుకీ ఆకుకీ మధ్య తెల్లటి పూలతో, దండ గుచ్చి కట్టినట్టు ఉన్నాయి, తేనెటీగల రొద ఎంతలా ఉందంటే మా వారు ఎక్కడో మోటారు ఆడుతోందేమో అనుకున్నారు. రెండు రోజులు కళకళలాడి మూడో రోజుకి పూలు గోధుమ రంగుకి తిరిగిపోయాయి. వీకెండుకి వచ్చి వెళ్ళేవాళ్ళకి ఇది దొరకడం చాలా కష్టం, మనలాంటి తీరికున్నవాళ్ళకే.

మార్చి, ఏప్రిల్‌లో ఒక ఇబ్బంది ఉంది, పోడు, అంటే కొండవాలు సాగు కోసం కొండల మీద తుప్పలు కాలుస్తారు, కొన్ని సాయంత్రాలు లోయంతా పొగ పట్టేస్తుంది, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు ఏప్రిల్ వద్దనుకోండి. మే నెల్లో పాడేరులో మోదకొండమ్మ జాతర జరుగుతుంది, మూడు రోజులు ఊరు ఊరంతా పోటెత్తిపోతుంది, చూడాలనుంటే రూము చాలా ముందే చెప్పుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చాపరాయి, కటిక, కొత్తపల్లి జలపాతాలు నిండుగా ఉంటాయి గానీ ఎక్కువ రోజులు ఉండే ప్లాన్ అప్పుడు పెట్టుకోకండి. వానలకి కొండచరియలు జారితే ఘాట్ రోడ్డూ పోతుంది రైలూ ఆగుతుంది, పైగా మన్యం జ్వరాలు, అంటే మలేరియా, ఆ సీజన్లోనే ఎక్కువ. అక్టోబర్ నెలంటే తుఫాన్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టినప్పుడు కాఫీ తోటలకి నీడనిచ్చే చెట్లు కూడా ఎన్నో కూలిపోయాయి. వాతావరణ శాఖ వాళ్ళు అల్పపీడనం అన్నారంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే.

మీ ఒంటికి పడుతుందో లేదో ముందు డాక్టరుని అడగండి

హిమాలయాల్లో లాగా ఊపిరాడని ఎత్తు కాదిది, 900 మీటర్లకి ఎవరికీ ఆ సమస్య రాదు. పెద్దవాళ్ళకి మన కొండలు నప్పడానికి అదొక పెద్ద కారణం. ఇబ్బంది ఎక్కడంటే దూరం. పాడేరులో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, అరకులో ఏరియా ఆస్పత్రి ఉంది, జ్వరం, విరేచనాలు, చిన్న దెబ్బలు అక్కడ చూస్తారు. గుండె నొప్పి, పక్షవాతం లాంటివైతే మాత్రం వైజాగ్ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కో అక్కడ మీరు వాడే ప్రైవేటు హాస్పిటల్‌కో దిగాల్సిందే, ఘాట్ రోడ్డు మీద మూడు గంటలు, రాత్రి పూట మంచు పడితే ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ మధ్యే స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు, తరచూ ఆక్సిజన్ అవసరమయ్యేవాళ్ళు పగటి ట్రిప్పు వేసుకోండి, లేకపోతే చివర్లో చెప్పిన కింద ఊళ్ళ పద్ధతి చూడండి.

వెళ్ళేవాళ్ళు రోజువారీ మందులు లెక్క కంటే 15 రోజులకి ఎక్కువ తీసుకెళ్ళండి, మీ బ్రాండు అక్కడ దొరక్కపోవచ్చు. ఈసీజీ, షుగర్ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్ ఫోటో తీసి ఫోన్లో ఒకటి, జెరాక్స్ పర్సులో ఒకటి. 70 దాటినవాళ్ళైతే ఆయుష్మాన్ కార్డు తీసుకోండి, 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మీ కంపెనీ మెడికల్ కార్డు ఏదున్నా అది వైజాగ్‌లో ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో బయల్దేరే ముందే రాసి పెట్టుకోండి, ఆ టైములో ఎవరూ వెతకలేరు. దోమతెర తప్పనిసరి, చలికాలమైనా సరే. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలి జ్వరం వస్తే డాక్టరుకి ఏజెన్సీ వెళ్ళొచ్చామని చెప్పి మలేరియా టెస్టు చేయించుకోండి, చాలామంది ఈ మాట చెప్పరు, మామూలు జ్వరం మందులతో రోజులు గడిపేస్తారు. రాత్రిపూట బయటికి అడుగు పెడితే టార్చి, చెప్పులు లేకుండా వద్దు, పాములుంటాయి.

ముందు పది రోజులే వెళ్ళండి

ఒకేసారి రెండు నెలలకి డబ్బు కట్టేయకండి. పది రోజులుంటే మూడో రోజు నుంచి అసలు సంగతి తెలుస్తుంది, చూసే చోట్లన్నీ అయిపోతాయి, బొర్రా గుహలు, పద్మాపురం గార్డెన్, ట్రైబల్ మ్యూజియం, కాఫీ మ్యూజియం, గాలికొండ వ్యూ పాయింట్ అన్నీ రెండు రోజుల్లో అయిపోయేవే, ఆ తర్వాత పొద్దున్న లేచి ఏం చెయ్యాలి అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబుంటే మీరు అక్కడ ఉండగలరు. మా వారికి నడక, రేడియో, పిట్టల్ని చూడటం ఉన్నాయి, నాకు సంతలూ వంటా ఉన్నాయి. మా పక్క ఫ్లాట్ వాళ్ళు ఎంతో ఇష్టంగా వెళ్ళి ఐదో రోజు దిగిపోయారు, ఆవిడకి గుడి, సత్సంగం, మనవల ఇల్లు లేకపోతే తోచదు, అందులో తప్పేం లేదు, నెల అడ్వాన్సు కట్టలేదు కాబట్టి నష్టమూ లేదు.

ఏ ఊరు అనేది కూడా ఈ పది రోజుల్లోనే తేల్చుకోండి. అరకులో రైల్వే స్టేషన్, షాపులు, హోటళ్ళు అన్నీ ఉన్నాయి, మొదటిసారికి సులువు, వారాంతాల్లో మాత్రం గోల. అనంతగిరి వైజాగ్‌కి దగ్గర, చుట్టూ కాఫీ తోటలు, కాకపోతే తేమ ఎక్కువ, గోడలు చెమర్చి బట్టలు ఆరవు. లంబసింగి, చింతపల్లి అందంగా ఉంటాయి, స్ట్రాబెర్రీ తోటలు అవీ, కానీ అక్కడికి దగ్గర పెద్ద ఊరంటే నర్సీపట్నమే, వారం దాటితే పెద్దవాళ్ళకి కష్టం. నాకైతే పాడేరు నచ్చింది, ఎవరూ రిటైర్మెంటుకి ఆ పేరు చెప్పరు గానీ 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పటి నుంచి అదే జిల్లా కేంద్రం, ఆస్పత్రి, బ్యాంకులు, బస్సులు, కూరగాయలు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి, ఊరు దాటి రెండు కిలోమీటర్లు నడిస్తే మళ్ళీ అదే కొండలు.

రూము చూసేటప్పుడు వ్యూ తర్వాత చూడొచ్చు, ముందు బాత్రూమ్ చూడండి. వెస్టర్న్ కమోడ్ ఉందా, నేల జారుతోందా, వేడినీళ్ళు గీజరా లేక కాగులో కాచి ఇస్తారా, మెట్లెన్ని, మెట్లకి పట్టుకోడానికి కమ్మీ ఉందా, కరెంటు పోతే రాత్రి లైటెలా. ఒకసారి ఫోటోల్లో బాల్కనీ చూసి బుక్ చేస్తే 34 మెట్లు ఎక్కాల్సి వచ్చింది, నా మోకాళ్ళకి రోజుకి రెండుసార్లు అంతకన్నా కుదర్లేదు, బాల్కనీ బాగానే ఉంది గానీ ఊళ్ళో తిరగడం మానేశాను. చిన్న గ్యాస్ పొయ్యి వాడుకోనిస్తారో లేదో కూడా అడగండి, పెద్ద వయసులో రోజూ బయటి తిండి పడదు.

వెళ్ళడం, రావడం

రైలంటే కిరండూల్ పాసింజర్, పొద్దున్న ఏడు లోపే వైజాగ్‌లో బయల్దేరుతుంది, అరకుకి దాదాపు నాలుగు గంటలు. 1960ల్లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి వేసిన లైను ఇది, 50కి పైగా సొరంగాలు, దారిలో శిమిలిగూడ స్టేషన్ 990 మీటర్ల పైన ఉంటుంది. అద్దాల బోగీకి టికెట్ కావాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే, అంటే 60 రోజుల ముందే చూడండి. సామానుతో వెళ్ళేటప్పుడు మాత్రం మామూలు రిజర్వుడు బోగీ చాలు. సీనియర్ సిటిజన్ రాయితీ రైల్లో 2020 నుంచి లేదు. ఆర్టీసీలో 60 దాటినవాళ్ళకి 25 శాతం ఉంది, ఆధార్ చూపించాలి, ఆడవాళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీయే లేదు. పాడేరు బస్సులు వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా వెళ్తాయి. కళ్ళు తిరిగేవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి, ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, రెండు ఇడ్లీ తిని అల్లం ముక్క నోట్లో పెట్టుకోండి, నాకు మాత్రకన్నా అదే పనిచేస్తుంది.

సొంత కారైతే ఒకటే మాట, ఘాట్ దిగడం మధ్యాహ్నం మూడు లోపు మొదలుపెట్టండి. సాయంత్రం మంచు దిగాక ముందు బండి లైటు కూడా కనపడదు. దిగేటప్పుడు రెండో గేర్లో ఉంచి దిగాలి, బ్రేకు మీదే కాలేసి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టవు.

అక్కడ రోజు ఎలా గడవాలి

ముందు సంత ఎప్పుడో కనుక్కోండి. ఒక్కో ఊళ్ళో వారానికి ఒక్కో రోజు సంత, మీరున్న ఇంటివాళ్ళనడిగితే చుట్టుపక్కల నాలుగైదు సంతల రోజులు చెప్తారు, ఒక కాగితం మీద రాసుకుంటే మీ వారమంతా దాని ప్రకారమే నడుస్తుంది. పొద్దున్న ఎనిమిదికి వెళ్ళండి, అప్పటికే కొండల మీద నుంచి ఆడవాళ్ళు బుట్టలతో దిగుతుంటారు, పసుపు కొమ్ములు, అల్లం, పిప్పళ్ళు, రాజ్మా గింజలు, సామలు, చోళ్ళు, కొండ చీపుర్లు, అడ్డాకులు, చింతపండు. ఇంకోపక్క మైదానం నుంచి వచ్చిన ఎండుచేపలు, ఉప్పు, బట్టలు. ఒక ముసలావిడ రాజ్మా సోలతో కొలిచి పోస్తూ ప్రతి సోలకీ పైన గుప్పెడు వేసేది, బేరమాడకుండానే. తరువాత తెలిసింది, మనలాంటివాళ్ళు ఎలాగూ బేరమాడతారని ముందే కొసరు వేసేస్తుందట. దయచేసి సంతలో బేరమాడకండి, మాల్‌లో ఆడం కదా. కాఫీపొడి, తేనె, పసుపు మాత్రం జీసీసీ షాపులో తీసుకోవచ్చు, 1956 నుంచి గిరిజనుల దగ్గర కొని అమ్మే సంస్థ అది, హెడ్డాఫీసు మన వైజాగ్‌లోనే. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతం సరుకని అధికారిక ముద్ర వచ్చింది, రోడ్డు పక్కన ఆ పేరుతో అమ్మే ప్రతి పొడీ అదే కాదు, కొనేముందు చికోరీ ఎంత కలిపారో ప్యాకెట్ వెనక చూడండి.

పొద్దున్నే చోడి అంబలి అలవాటు చేసుకోండి, షుగరున్నవాళ్ళకి మరీ పల్చగా కాకుండా, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. బొంగులో చికెన్ ఒకసారి తినండి, రోజూ కాదు.

మనుషులతో ఎలా ఉండాలి అనేదే నాకన్నిటికన్నా ముఖ్యం. అక్కడ భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోదు ఇలా ఎన్నో తెగలున్నాయి, చాలా ఇళ్ళల్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా, తెలుగు మనకోసం మాట్లాడతారు. అమ్మా, అయ్యా, అక్కా అని పిలవండి, వయసు చిన్నదైనా ఏమే, ఒరేయ్ అనొద్దు. అడక్కుండా ఫోటోలు తీయొద్దు, ముఖ్యంగా స్నానాల దగ్గర, పిల్లల్ని. పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు పంచొద్దు, చెయ్యి చాపడం మనమే నేర్పినట్టు అవుతుంది, ఇవ్వాలనుంటే స్కూలు మాస్టారుని అడిగి నోటు పుస్తకాలు, స్వెట్టర్లు ఇవ్వండి. థింసా అనే గిరిజన నృత్యాన్ని రిసార్టుల్లో డబ్బిచ్చి ఆడిస్తారు, పండగ రోజుల్లో ఊళ్ళో పిలిస్తే వెళ్ళి చూడండి, ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు పెనవేసుకుని ఆడుతుంటే నన్ను కూడా లాగారు, నా పక్కనున్న అమ్మాయి నా మోకాలు చూసి మొత్తం వరస నడక తగ్గించింది. ఆ ఒక్క రాత్రికే నాకు మొత్తం ఆ ట్రిప్పు చాలనిపించింది.

నెట్‌వర్క్ ఊళ్ళల్లో బాగానే ఉంటుంది, లోయల్లో పోతుంది, రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు పెట్టుకోండి. చేతిలో చిల్లర ఉంచుకోండి, సంతలో ఫోన్‌పే అన్ని చోట్లా నడవదు.

కాగితాల పనులు వైజాగ్‌లోనే ముగించి వెళ్ళండి

పెన్షనర్లు నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, 80 దాటినవాళ్ళు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. నవంబర్‌లో కొండ మీద ఉండాలనుకుంటే ఫోన్లో జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ ముందే పెట్టించుకుని ఒకసారి పిల్లల చేత నేర్చుకోండి, వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకి ఇదే మంచిది. వైజాగ్ ఇల్లు మాత్రం అమ్మకండి, అద్దెకి కూడా ఇవ్వకండి మొదటి రెండేళ్ళు. మూడు నెలలకోసారి దిగి రావాల్సిన పనులు పడుతూనే ఉంటాయి, డెంటిస్టు, పెళ్ళిళ్ళు, కరెంటు బిల్లు. సముద్రం గాలికి తాళాలు తుప్పు పడతాయి, వెళ్ళేముందు నూనె పెట్టి, ఒక తాళంచెవి నమ్మకమైన పొరుగింట్లో ఉంచి వెళ్ళండి.

సొంతంగా కొంచెం నేల కావాల్సిందే అంటే

కొందరికి మొక్క పెట్టుకోకపోతే తృప్తి ఉండదు, అర్థం చేసుకోగలను. వాళ్ళు కొండ మీద కాదు, కొండ కింద చూసుకోండి. శృంగవరపుకోట, చోడవరం, మాడుగుల, నర్సీపట్నం వైపు. ఎస్.కోట అరకు రోడ్డు మీదే ఉంది, కిరండూల్ పాసింజర్ కూడా ఆగుతుంది, పుణ్యగిరి గుడి దగ్గర, తాటిపూడి రిజర్వాయర్ దగ్గర. పొద్దున్న టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నానికి అనంతగిరి కాఫీ తోటలో ఉంటారు, ఒంట్లో బాగోకపోతే గంటన్నరలో వైజాగ్. మాడుగుల వైపు హల్వా, చోడవరం వైపు చెరుకు, బెల్లం, వాటి సంగతి వైజాగ్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ కూడా జాగ్రత్త ఉంది. ఏజెన్సీ హద్దు మండలం పేరు చూస్తే తెలిసిపోదు, ఊరు పేరు, సర్వే నంబరుతో సహా తహసీల్దారు ఆఫీసులో అడగండి. ఈసీ (భూమి మీద పాత లావాదేవీల పత్రం) తీయించండి, ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు చూడండి, పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమా, రిజిస్ట్రేషన్ కుదరని 22ఎ నిషేధిత జాబితాలో ఉందా అని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి, ఆ తర్వాతే అడ్వాన్సు మాట. కొనడానికి ముందు ఒక ఏడాది అద్దెకుండండి, మేం ఇప్పుడు చేస్తున్నది అదే, రెండు గదుల పెంకుటిల్లు, వెనక పది సెంట్ల పెరడు, ఇంటివాళ్ళు మొక్కలు పెట్టుకోమన్నారు. అద్దె మాట్లాడేది మాత్రం ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి మాట్లాడండి, వానాకాలంలో ప్రతి బోరూ నిండుగానే కనిపిస్తుంది. మోటారు వేయించి అరగంట నీళ్ళు వదలమనండి, మధ్యలో ఆగి ఆగి వస్తుంటే ఆ ఇల్లు వద్దు.